రైతును గురువుగా వరించిన శాస్త్రజ్ఞుడు: సర్ ఆల్బర్టు హోవర్డు

భూమి తరుగని నిధి అని లోకమున ఒక నమ్మకము కలదు. విత్తు వేసినచో పంట వచ్చును. కోసికొన్నచో మరుసటి యేడు మరల వచ్చును. ఇచ్చుట భూమి ధర్మమనియు, పుచ్చుకొనుట మానవుని హక్కనియు జనులు తలంతురు. ఇచ్చిన భూమికి తిరిగి యేమి ముట్టుచున్నదని ప్రశ్నించువారు అరుదు. ఆ ప్రశ్నను జీవితాంతము విడువక పట్టుకొన్నవాడు సర్ ఆల్బర్టు హోవర్డు. పుట్టుకచే ఆయన ఆంగ్లేయుడు. రసాయన, వృక్షశాస్త్రములందు ఉన్నతవిద్య గడించినవాడు. గాని ఆయనకు శాశ్వతకీర్తిని తెచ్చిన విద్య మాత్రము భారతదేశపు పొలములలో, ఇచ్చటి కర్షకుల యొద్ద నేర్చినది. సేంద్రియ వ్యవసాయమని నేడు ప్రపంచమంతట పిలువబడుచున్న మార్గమునకు మూలపురుషులలో ఆయనను అగ్రగణ్యునిగా లెక్కింతురు.

హోవర్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున, బిషప్స్ కాజిల్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. పశువుల కొట్టములు, గడ్డివాములు, ఎరువు దిబ్బలు చూచుచు పెరిగిన బాలుడు లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్సులోను, పిమ్మట కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోను చదివి ప్రకృతిశాస్త్రములందు ప్రథమశ్రేణి గౌరవము నందెను. వ్యవసాయశాస్త్రమున కూడ యోగ్యతాపత్రము పొందెను.

1899లో ఆయన వెస్టిండీసు దీవులలోని బార్బడోసునకు పోయెను. ఆ దీవులకు చెరకు ప్రాణాధారము. చెరకును పీడించు బూజుతెగుళ్ళను పరిశోధించుట ఆయనకు అప్పగింపబడిన పని. 1902 వరకు శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా ఆ ఉద్యోగము చేసెను. సూక్ష్మదర్శినిలో బూజును చూచుట, దాని జాతిని నిర్ణయించుట, నివేదికలు వ్రాయుట, రైతులకు ఉపన్యాసము లిచ్చుట, ఇవియే దినచర్య. ఈ పనిలో ఆయనకు ఒక కొరత తోచెను. తాను చెప్పు సలహాను తన సొంత చేలో పరీక్షించి చూచుకొను అవకాశము ఆయనకు లేదు. ఒక్క పంటయైనను స్వయముగా పండింపనివాడు, తరతరములుగా పండించుచున్నవారికి బోధించుట ఎట్లు తగును? ప్రయోగశాల గోడలమధ్య తాను సన్న్యాసివలె మిగిలిపోయితినను అసంతృప్తి అప్పుడే ఆయన మనస్సున నాటుకొనెను.

1903లో స్వదేశమునకు మరలి, కెంటు మండలమందలి వై గ్రామపు వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రజ్ఞుడుగా చేరెను. అచ్చట ఆయన పరిశోధించినది హాప్సు అను తీగ. బీరునకు చేదురుచి నిచ్చుటకు దాని పూలను వాడుదురు. ఈ తీగ మన గంజాయి మొక్కకు దాయాది. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. రెండింటియందును ఆడమొక్కలు, మగమొక్కలు వేరువేరుగా నుండును. గంజాయి సాగుచేయువారు మగమొక్కలను ఏరివేయునట్లే, ఆ ప్రాంతపు హాప్సు రైతులును మగతీగలను ఉండనీయక ఆడతీగలనే పెంచుచుండిరి. హోవర్డు ఈ ఆచారమును పరీక్షించెను. మగతీగల పరాగము సోకిన ఆడపూలు త్వరగా ఎదుగుటయు, పేనుకును బూజుతెగులునకును అంతగా లొంగకుండుటయు ఆయన కనుగొనెను. మగతీగలను మరల తోటలలో నాటుడని రైతులకు చెప్పెను. తెగులు వచ్చిన పిమ్మట మందు వెదకుటకంటె, ప్రకృతిక్రమమునకు మానవుడు ఎచ్చట అడ్డుపడెనో వెదకుట మేలను పాఠమును ఆయనకు నేర్పినది ఈ తీగయే.

1905వ సంవత్సరము ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. లార్డు కర్జను రాజప్రతినిధిగా నున్న ఆ కాలమున, అమెరికా దేశీయుడైన హెన్రీ ఫిప్స్ అను ధనికుని విరాళముతో బీహారులోని పూసాయందు వ్యవసాయ పరిశోధనాలయము నెలకొల్పబడెను. భారత ప్రభుత్వమువారి ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞుడుగా హోవర్డు అచ్చటికి వచ్చెను. ఆ సంవత్సరముననే గాబ్రియేల్ మత్తాయి అను విదుషిని వివాహమాడెను. ఆమె కేంబ్రిడ్జిలో, ఆకులు వెలుతురు సాయముతో గాలినుండి ఆహారమును సిద్ధపరచుకొను విధానముపై బ్లాక్‌మన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి గొప్ప పరిశోధన చేసియుండెను. ఆమె భర్తకు సహధర్మచారిణియే గాక, శాస్త్రమున సమానురాలు. 1913లో ప్రభుత్వము ఆమెను రెండవ ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞురాలిగా నియమించినది. స్త్రీకి అట్టి పదవి లభించుట ఆ దినములలో మిక్కిలి అరుదు. అటుపిమ్మట వెలువడిన పరిశోధనా వ్యాసములు పెక్కింటిపై ఆ దంపతుల పేర్లు రెండును కానవచ్చును.

పూసాలో హోవర్డునకు 75 ఎకరముల భూమి లభించెను. బార్బడోసులో కోరినది ఇచ్చట దొరికెను. ఇక సొంత చేలో సొంత పంట పండించి చూడవచ్చును. గాని ఎట్లు పండింపవలెను? పరిశోధనాలయపు పొలములలో పురుగులు, తెగుళ్ళు తాండవించుచుండగా, చుట్టుపట్ల పల్లెలలోని రైతుల పంటలు మందులేమియు లేకయే తగినంత ఆరోగ్యముగా నుండుట ఆయన చూచెను. అప్పుడు ఆయన ఒక నిశ్చయమునకు వచ్చెను. కేంబ్రిడ్జి పట్టభద్రుడైన దొరతనపు ఉద్యోగి, అక్షరము రాని బీహారు రైతునకు శిష్యుడు కాదలచెను. రైతుతోపాటు పురుగును కూడ గురువుగా నెంచెను. పంటను పురుగు పట్టినదనగా ఆ నేలకు ఆ విత్తనము సరిపడలేదనియో, సాగులో ఏదో లోపము కలదనియో అర్థము. బాలుని పలకపై తప్పు దిద్దు ఉపాధ్యాయునివలె, పురుగు రైతు చేసిన తప్పును చూపుచున్నది. తప్పు చూపినవానిని చంపుట ఎందులకు? ఈ దృష్టితో అయిదేండ్లు కృషి చేసి, 1910 నాటికి పురుగుమందులు గాని, కృత్రిమపు ఎరువులు గాని లేకుండ ఆరోగ్యవంతమైన పంటలు పండించుట నేర్చుకొంటినని ఆయన విశ్వసించెను.

ఈ కాలముననే హోవర్డు దంపతులు గోధుమవంగడములను అభివృద్ధిచేసి పూసా 4, పూసా 12 అను ప్రసిద్ధ రకములను దేశమున కిచ్చిరి. నారపంటలపై వారు చేసిన కృషి తెలుగువారికి మరింత దగ్గరిది. 1910, 1911 సంవత్సరములలో వారు జనుమును గూర్చియు, గోగుజాతిలోని రెండు మొక్కలను గూర్చియు గ్రంథములు ప్రకటించిరి. ఆ రెండు మొక్కలే మన యిండ్లలో గోంగూరగా వండుకొనునవి, మన పల్లెలలో గోగునారకు ఆధారమైనవి. వానిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన కన్నాబినస్ అను పేరునకు గంజాయిని పోలినదని అర్థము. చీలికలు గల గోగాకును చూచినవారికి ఆ పోలిక సులభముగా తెలియును. ఇక జనుము నారకే గాక నేలకును మేలు చేయు మొక్క. దాని వేరుబుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని బంధించును. పచ్చిగా నుండగానే దున్ని కలిపినచో నేలకు ఎరువగును. మన రైతులు నేటికిని ఎరుగుదురు.

పశువుల విషయమునను ఆయన ఇట్టి పరీక్షయే చేసెను. తన అరకల ఎద్దులకు తన పొలమున పండిన మేతనే పెట్టుచుండెను. పొరుగు కొట్టములలో గాలికుంటు వ్యాధి వ్యాపించినపుడు, కంచెకు ఆవలనున్న రోగపు పశువులతో తన యెద్దులు మూతులు రాచుకొనుట ఆయన కన్నులార చూచెను. అయినను వానికి వ్యాధి సోకలేదు. కొద్దిపాటి యెద్దులయందు చూచిన ఈ సంగతి రుజువుగా చాలదని పరులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణము న్యాయమైనదే. హోవర్డు మాత్రము మంచి నేల, మంచి మేత, మంచి ఆరోగ్యము ఒకే గొలుసులోని కడియములని దృఢముగా నమ్మెను.

పూసాలో ఆయనకు కష్టము కలిగించినది పరిశోధనాలయపు వ్యవస్థ. బూజునకు ఒక శాఖ, పురుగునకు ఒక శాఖ, మట్టికి ఒక శాఖ, మొక్కకు ఒక శాఖగా పని విభజింపబడియుండెను. చేలోని పంట మాత్రము విభజింపబడలేదు. ఒకే మొక్కను నలుగురు నాలుగు ముక్కలుగా చూచినచో దాని ఆరోగ్యము ఎవరికిని కనబడదని హోవర్డు వాదించెను. ఎరువును గూర్చి ఆయన తలపెట్టిన పరిశోధన ఇతర శాఖల సరిహద్దులను దాటునది. కాబట్టి పంటను సమగ్రముగా పరిశీలించు సంస్థ యొకటి కావలెనని కోరి, 1924లో పూసాను విడిచి, మధ్య భారతమున ఇండోరులో నూతన పరిశోధనాలయమును స్థాపించెను. హోల్కరు సంస్థానము 300 ఎకరముల భూమి నిచ్చెను. భారత కేంద్ర ప్రత్తి సంఘమువారు ధనసహాయము చేసిరి. ఆ నేల నల్లరేగడి, ముఖ్యపంట ప్రత్తి. మన తెలంగాణపు ప్రత్తిరైతులకు చిరపరిచితమైన దృశ్యమే.

ఇండోరులో ఏడేండ్లు సాగిన కృషికి ఫలము ఇండోరు పద్ధతి అని ప్రసిద్ధికెక్కిన ఎరువు తయారీ విధానము. అది వినుటకు సామాన్యముగా తోచును. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంటను త్రవ్వుదురు. లోతు తక్కువగా నుండుటలో ఒక కారణము కలదు: గాలి అడుగువరకు చొరబడవలెను. పొలములో మిగిలిన ప్రత్తికట్టె, కలుపుమొక్కలు, ఎండుటాకులు, చెత్త, పశువులక్రింద పరచిన గడ్డి పొరలుపొరలుగా వేయుదురు. గట్టి కట్టెను బండ్లు నడచు బాటపై పరచి నలుగనిత్తురు. ఒక్కొక్క పొరపై పేడనీరు, పశువుల మూత్రముతో తడిసిన మట్టి, కట్టెల బూడిద చల్లుదురు. గుంట తడిగా నుండవలెను గాని నీరు నిలువరాదు. కొద్దిదినములలోనే లోపల వేడి పుట్టి 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెరుగును. మొదట బూజులు, తరువాత బాక్టీరియాలు పని పూనుకొని ఆకును అలమును జీర్ణము చేయును. రెండు మూడు వారములకు ఒకమారు, నెలకు ఒకమారు, రెండు నెలలకు ఒకమారు కుప్పను తిరుగవేయుదురు. మూడు నెలలకు దుర్గంధము లేని, చేతిలో పొడిపొడిగా రాలు నల్లని పదార్థము సిద్ధమగును. హ్యూమస్ అని శాస్త్రజ్ఞులు చెప్పునది ఇదియే.

పల్లెలలో పెంటకుప్ప అనాదిగా కలదు గదా, హోవర్డు క్రొత్తగా చేసినదేమి అని అడుగవచ్చును. ఎండవానలకు విడిచిన కుప్పలో సారము సగము గాలిపాలు, నీటిపాలు అగును. హోవర్డు చెత్తకును పేడకును తగిన పాళ్ళను, తడిని, గాలిని, కాలమును నిర్ణయించి, ఏ రైతైనను మరల మరల అదే ఫలమును పొందునట్లు చేసెను. ఈ కృషిలో యశ్వంత్ వాడ్ అను భారతీయ రసాయనశాస్త్రజ్ఞుడు ఆయనకు కుడిభుజము. 1931లో వెలువడిన గ్రంథముపై ఇరువురి పేర్లును కలవు. నాలుగువేల యేండ్లుగా ఒకే నేలను దున్నుచు దాని సారమును కాపాడుకొన్న చైనా రైతుల పద్ధతులను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ 1911లో వర్ణించియుండెను. ఆ గ్రంథమును కూడ హోవర్డు శ్రద్ధతో చదివెను. భారతీయ రైతు అనుభవము, చైనా ఆచారము, పాశ్చాత్య రసాయనశాస్త్రము ఇండోరు గుంటలో కలిసినవి.

పని ఫలించు వేళకు దుఃఖము ముంచుకొని వచ్చెను. 1930 ఆగస్టులో గాబ్రియేల్ జెనీవాలో మరణించెను. ఇరువదియైదేండ్లు పొలమునను, వ్రాతబల్లయొద్దను తోడుగా నున్న సహచరి లేకపోయెను. మరుసటి సంవత్సరము హోవర్డు ఉద్యోగము చాలించి ఇంగ్లండు చేరెను. పిమ్మట గాబ్రియేల్ చెల్లెలు లూయీ మత్తాయిని వివాహమాడెను. ఆమె 1953లో ఆయన భారతదేశపు కృషిని గూర్చి గ్రంథము వ్రాసి, అక్కగారి భాగమునకు తగిన స్థానము కల్పించినది.

1934లో బ్రిటిషు ప్రభుత్వము హోవర్డునకు సర్ బిరుదము నొసగెను. ఆఫ్రికాలోని కాఫీతోటలు, భారత, సింహళములందలి తేయాకుతోటలు ఇండోరు పద్ధతిని అవలంబించినవి. 1935లో హిందీ సాహిత్య సమ్మేళనమునకై ఇండోరునకు వచ్చిన మహాత్మాగాంధి ఆ పరిశోధనాలయమును దర్శించెను. ఆయన హరిజన్ పత్రిక ఆ ఎరువు విధానమును గ్రామములకు తెలియజేసెను. అయినను స్వయముగా ఏ పల్లె రైతునుండి హోవర్డు పాఠము నేర్చెనో, ఆ రైతునకు ఆ పద్ధతి కోరినంతగా అందలేదు. కట్టెలు కరవైన యింట పేడ పిడకలై పొయ్యిలోనికి పోవుచుండెను. గుంటలు త్రవ్వుటకు, తిరుగవేయుటకు కూలి కావలెను. వేసవిలో నీరు కావలెను. తోటల యజమానులకు సులభమైనది చిన్నరైతునకు భారమయ్యెను.

1940లో హోవర్డు తన అనుభవసారమును ఒక మహాగ్రంథముగా వెలువరించి గాబ్రియేల్‌కు అంకితము చేసెను. దాని పేరు వ్యవసాయ మరణశాసనము అను అర్థము నిచ్చును. అడవిని చూడుడని ఆయన బోధించెను. అడవికి ఎరువు వేయువారు లేరు. రాలిన ఆకు, చచ్చిన జంతువు, వానపాము, బూజు, వేరు కలిసి నేలను నిలుపుచున్నవి. పుట్టినది నేలకు మరలుట అచ్చటి చట్టము. 1840లో లీబిగ్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు మొక్కకు కావలసిన లవణములను లెక్కించి చూపినది మొదలు, నేలను ఒక లవణముల పెట్టెగా చూచు అలవాటు బలపడెను. మొదటి ప్రపంచయుద్ధమున ప్రేలుడుమందునకై గాలినుండి నత్రజనిని పట్టిన కర్మాగారములు పిమ్మట ఎరువులకు మరలెను. ఈ మార్గమును హోవర్డు తీవ్రముగా ఖండించెను.

ఆయన ఖండనలో అతిశయము లేకపోలేదు. హ్యూమస్ ఉన్నచో సర్వరోగములును తొలగునను వాదమును తరువాతి పరిశోధనలు సమర్థింపలేదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1843 నుండి జరుగుచున్న పరీక్షలలో కేవలము రసాయనపు ఎరువులతోనే గోధుమ నిలుకడగా పండుచున్నది. 1960వ దశకమున మన దేశమును ఆకలినుండి గట్టెక్కించిన హరితవిప్లవమున పొట్టివంగడములతోపాటు రసాయనపు ఎరువులకును పాలు కలదు. గాని నేలయందు జీవము కలదనియు, అది క్షీణించిన పిమ్మట లవణములు మాత్రమే దానిని పూరింపజాలవనియు ఆయన చేసిన హెచ్చరికను నేటి మృత్తికాశాస్త్రము అంగీకరించుచున్నది.

1942లో అమెరికాలో రోడేల్ అను ప్రచురణకర్త హోవర్డు సిద్ధాంతముల ప్రచారమునకై పత్రిక స్థాపించెను. ఇంగ్లండులో ఈవ్ బాల్ఫర్ అను విదుషి 1943లో సజీవమృత్తికను గూర్చి గ్రంథము వ్రాసి, 1946లో మృత్తికా సంఘస్థాపనకు పూనుకొనెను. భారతదేశము స్వతంత్రమైన రెండు నెలలకు, 1947 అక్టోబరు 20వ తేదీన హోవర్డు లండను నగరమందలి బ్లాక్‌హీతులో తన 73వ యేట కన్నుమూసెను.

ఆయన సిద్ధాంతమునకు అతి చిన్న పరీక్షాస్థలము మొక్కల కుండీ. పొలములో సారము తరుగుటకు తరములు పట్టును. కుండీలో ఒక్క పంటకే తెలియును. 2018లో గంజాయి సాగును చట్టబద్ధము చేసిన కెనడావంటి దేశములలో, మూసిన గదులయందు విద్యుద్దీపముల వెలుతురున ఆ మొక్కను పెంచువారు కొందరు ఈ విద్యనే అనుసరించుచున్నారు. పంట కోసిన పిమ్మట కుండీమట్టిని పారవేయక, ముదురువేళ్ళను ఏరి, కంపోస్టును, వానపాముల ఎరువును కలిపి, తడిపి, కొన్ని వారములు మాగనిచ్చి అదే మట్టిలో మరల నాటుదురు. మన దేశమున 1985 నాటి చట్టముచే అనుమతి లేని గంజాయి సాగు నేరము. గాని మట్టిని మరల బ్రతికించు ఆ విద్య గంజాయికి ప్రత్యేకమైనది కాదు; తులసికోటకును, మిద్దెపై వంగమొక్కకును అదియే వర్తించును. హాప్సు తీగయొద్ద పాఠము నేర్చినవాని విద్య దాని దాయాదిని చేరుటలో వింత లేదు.

హోవర్డు లేవదీసిన వాదము గోదావరి తీరపు బొగ్గుసీమకును సన్నిహితమైనదే. 1980లో రామగుండమున బొగ్గునుండి యూరియా చేయు కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను, 1999లో మూతపడెను, 2021లో సహజవాయువు ఆధారముగా మరల పనిచేయ మొదలిడెను. ఆవల మంచిర్యాల జిల్లా జైపూరులో 2016 నుండి సింగరేణి విద్యుత్కేంద్రము అదే బొగ్గును మండించుచున్నది. ఆ బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము రాలి, నేలలో కలిసి హ్యూమస్ కాక, నీటను బురదలోను పూడిపోయిన వృక్షసంపద. ఉపరితలపు గనిని త్రవ్వునపుడు మొదట తొలగింపబడునది పైమట్టి. దానిని వేరుగా కాపాడి, గనినుండి తీసిన రాతిమన్ను గుట్టలపై పరచి చెట్లు నాటినప్పుడే ఆ గుట్టలు మరల పచ్చబడును. జానెడు పైమట్టి వెల యెంతో ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి ప్రాంతమునందలి పాఠశాలలలో రాలిన ఆకులను ఊడ్చి, కుప్పవేసి, నిప్పంటించుట వాడుక. ఆవరణములో ఒక మూల రెండడుగుల లోతున గుంట త్రవ్వి, ఆ ఆకులను, కొంత పేడను, కొంత బూడిదను పొరలుగా వేసి, మూడుమారులు తిరుగవేసినచో మూడు నెలలకు ఎరువు చేతికి వచ్చును. ఒక్క పరీక్షనుండి మరియొక పరీక్షకు నడుమ గడచు కాలమున ఆకు మన్నగుటను విద్యార్థులు కన్నులార చూడగలరు. హోవర్డు జీవితమును గూర్చి తరగతిలో చెప్పిన పాఠము అప్పుడు వారి చేతికి తగులును.